సాలమాంకాలో ఏడాది చదువు: ఇంగ్లీషుతో గడుస్తుందా, ఇంట్లోవాళ్ల భయాలకు ఏం చెప్పాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఇక్కడ పెడుతున్నాను. మీది గుంటూరు. స్పెయిన్‌లోని సాలమాంకా విశ్వవిద్యాలయంలో ఏడాది మాస్టర్స్‌కు సీటు వచ్చింది. స్పానిష్‌లో బి2 (మధ్యస్థానికి కాస్త పై స్థాయి) పరీక్ష గట్టెక్కారు గానీ, మాట్లాడాలంటే నోరు పెగలడం లేదు. ఊరంతా విదేశీ విద్యార్థులే కాబట్టి ఇంగ్లీషుతో గడిచిపోతుందని మీ స్నేహితురాలు అంటోంది. శాకాహారి అయిన ఆడపిల్ల అంత దూరంలో ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తుందని ఇంట్లోవాళ్లు దిగులుపడుతున్నారు. వెళ్లాలా, వెళితే ఆ ఏడాదిని ఎలా గడపాలి, అక్కడ సాహసాలేమైనా చేయవచ్చా అని మీరు అడిగారు.

వెళ్లండి. అయితే ఇంగ్లీషుతో గడవదు. ఎలాగో గడుపుకొచ్చినా ఆ ఏడాది మీకు దక్కదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు వినిపించని ఇంట్లో గది తీసుకోండి. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ నా దగ్గరున్న అసలు జవాబు ఇదే. నేను హైదరాబాదులో ఇఫ్లూలో, అంటే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్ చదివి, 2017–18 విద్యా సంవత్సరం సాలమాంకాలో గడిపాను. తిరిగి వచ్చాక స్పానిష్ పాఠాలు చెబుతూ, అక్కడికి వెళ్లే పిల్లల పత్రాలు చూసి పెడుతున్నాను. వాళ్లలో సంతోషంగా తిరిగి వచ్చినవారికీ, వెలితితో తిరిగి వచ్చినవారికీ మధ్య తేడా మార్కుల్లో గానీ డబ్బులో గానీ నాకు కనబడలేదు. ఎవరితో కలిసి ఉన్నారన్నదే ఆ తేడా. వరంగల్ నుంచి వెళ్లిన ఒక అమ్మాయి చాలా తెలివైనది, నాకంటే మంచి వ్యాకరణం తెలిసినది. ఆమె తోటి విదేశీ విద్యార్థులతో ఇల్లు తీసుకుని, ఏడాదంతా వంటింట్లో ఇంగ్లీషు మాట్లాడి, వెళ్లినప్పుడు ఉన్న స్పానిష్‌తోనే తిరిగి వచ్చింది. ఆ సంగతి చెబుతూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్న రోజు నాకింకా గుర్తుంది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

నోరు పెగలకపోవడం గురించి. మనం స్పానిష్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు నుంచి నేరుగా వెళ్లి చూడండి, దారి చాలా దగ్గర. ‘మె గుస్తా ఎల్ కఫే’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు తలకిందులుగా అర్థం చేసుకోవాల్సి వస్తుంది. మనకు అది ‘నాకు కాఫీ నచ్చుతుంది’, అంతే. నచ్చినవి ఎక్కువైతే ‘నాకు పువ్వులు నచ్చాయి’ అని మన క్రియ మారినట్టే, వాళ్ల క్రియ కూడా ‘మె గుస్తాన్’ అని మారుతుంది. ‘మె దువేలె లా కబేథా’ అంటే ‘నాకు తల నొస్తోంది’. వాక్యంలో ‘నేను’ అని విడిగా చెప్పనక్కర లేకుండా క్రియ చివరే ఆ సంగతి తెలిసిపోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఉచ్చారణలోనూ అంతే: వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి, ఇంగ్లీషువాళ్లలాగా ట, డ అనకండి. చాలామంది తెలుగువాళ్లు కష్టమనుకునే గట్టి రేఫ కూడా మనకు పరాయిది కాదు, మన బండి ఱ అదే. ‘పెరో’ అని మామూలు ర పలికితే ‘కానీ’ అని అర్థం, బండి ఱ పలికితే కుక్క అని అర్థం. నిజంగా శ్రమ పడాల్సినవి వేరే ఉన్నాయి: బల్లకూ కుర్చీకీ సైతం స్త్రీ పురుష భేదం చూపడం, ‘ఉండు’ అన్న ఒక్క మాటకు ‘సేర్’, ‘ఎస్తార్’ అని రెండు క్రియలుండటం, సందేహాన్నీ కోరికనూ చెప్పేటప్పుడు క్రియారూపం మారడం. వీటి మీద సమయం పెట్టండి.

ఇంగ్లీషు మధ్యలో దూరితే ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. నవంబరులో జలుబు చేసి మందుల దుకాణానికి వెళ్లాను. అక్కడామె నన్ను పరీక్షగా చూసి, ‘ఇది ఉత్త కోన్‌స్తిపాదో’ అని ఒక మందు చేతిలో పెట్టింది. ఆ మాట ఇంగ్లీషులో మలబద్ధకాన్ని చెప్పే మాటలాగే వినిపించడం వల్ల, పొరపాటు మందు ఇచ్చిందనుకుని రెండు రోజులు దాన్ని ముట్టలేదు. ఇంట్లో నాతో ఉండే అమ్మాయి ఆ డబ్బా చూసి, కోన్‌స్తిపాదో అంటే జలుబే అని చెప్పాకే వేసుకున్నాను. అలాగే ‘ఎంబరథాదా’ అంటే గర్భవతి అని అర్థం. సిగ్గుగా ఉందని చెప్పడానికి పొరపాటున కూడా వాడకండి. ఇలాంటి మాటల్ని తెలుగు అర్థంతోనే పుస్తకంలో రాసుకోండి.

ఇక మొదటి నెల. ఈ ఏడాది బాగుండటమూ లేకపోవడమూ చాలావరకు మొదటి ఆరు వారాల్లో తేలిపోతుంది. ఆరు నెలలు మించి ఉండే విద్యార్థి స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు, అంటే అక్కడివాళ్లు ‘తియె’ అని పిలిచేదానికి, దరఖాస్తు చేయాలి. అంతకంటే ముందు నగరపాలక సంస్థ దగ్గర మీరు ఫలానా చిరునామాలో ఉంటున్నారని నమోదు చేయించుకోవాలి. దీన్ని ‘ఎంపద్రొనామియెంతో’ అంటారు. ఇది అద్దె ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఆ తర్వాత పోలీసు కార్యాలయంలో వేలిముద్రలకు ముందస్తు సమయం, ‘సీతా ప్రేవియా’, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఈఎక్స్-17 అనే ఫారం నింపి, 790-012 అనే రుసుం బ్యాంకులో కట్టి, ఆ రసీదుతో వెళ్లాలి. ఈ మూడూ గొలుసులాగా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి మొదటి కొక్కెం, అంటే ఇల్లు, సరిగా పడాలి.

నాకు అది సరిగా పడలేదు. నేను మొదట చేరిన ఇంటి యజమాని చాలా మర్యాదగా మాట్లాడేవాడు గానీ, చిరునామా నమోదుకు సంతకం అడిగితే వచ్చే వారం అంటూ మూడు వారాలు దాటవేశాడు. అప్పటికే ఒక నెల అద్దె బయానాగా ఇచ్చేశాను. చివరికి ఆ బయానాలో సగం వదులుకుని, నది వైపు ఉన్న ఒక పాత ఇంట్లో ఇద్దరు స్పానిష్ విద్యార్థులతో కలిసి నెలకు 220 యూరోల గదికి మారాను. ఇప్పటి అద్దెలు అంతకంటే ఎక్కువ. కాబట్టి డబ్బు ఇచ్చే ముందే ‘ఈ చిరునామాలో నమోదు చేయించుకోవచ్చా’ అని అడిగి, సరేనన్న మాటను సందేశంగా రాయించుకోండి. ‘మె పుయెదో ఎంపద్రొనార్ అకీ?’ అన్న వాక్యాన్ని విమానం ఎక్కేలోపు కంఠతా పట్టండి. గదిని ఇక్కడి నుంచే ఖాయం చేసుకోకుండా, మొదటి వారానికి మాత్రం విద్యార్థుల వసతిలో దిగి, కళ్లతో చూశాకే తీసుకోండి. చూసేటప్పుడు గది వెచ్చబెట్టే ఏర్పాటు ఏమిటో, దాని ఖర్చు అద్దెలో కలిసి ఉందో లేదో అడగండి. సాలమాంకా దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఊరు. గుంటూరు ఎండలో పెరిగిన శరీరానికి అక్కడి జనవరి రాత్రి, సున్నాకు దిగువకు పడిపోయే ఆ చలి, మాటల్లో చెబితే అర్థమయ్యేది కాదు.

పేర్ల సంగతి చాలామంది ముందుగా ఆలోచించరు. స్పెయిన్‌లో ప్రతివారికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి: సాధారణంగా ముందు తండ్రిది, తర్వాత తల్లిది. ప్రతి ఫారంలోనూ రెండు గళ్లు కనిపిస్తాయి. మన పిల్లలు రెండో గడి ఖాళీగా ఉందే అని తమ పేరులోని ఒక ముక్కను అందులో రాస్తారు. దాంతో ఒక కార్యాలయంలో ఒక పేరు, మరో కార్యాలయంలో మరో పేరు పడి, కార్డు చేతికి రావడం ఆలస్యమవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే మొదటి గడిలో రాసి, రెండోది వదిలేయండి. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మాత్రం వీసాకు ముందే సరిచేయించుకోండి.

వీసా గురించి క్లుప్తంగా చెబుతాను. నెలకు 600 యూరోల చొప్పున ఖర్చులకు డబ్బు ఉందని చూపించడం నేను ఈ మధ్య చూసిన దరఖాస్తుల్లో ఉన్న కొలత. వైద్య బీమా కావాలి. చికిత్స సమయంలో మన చేతి నుంచి కట్టాల్సిన భాగం లేనిదే తీసుకోండి. డిగ్రీ పత్రాలు విదేశంలో చెల్లేలా వాటి మీద అపొస్టిల్ ముద్ర వేయించడానికి, స్పానిష్ అనువాదానికి కనీసం రెండు నెలలు చేతిలో ఉంచుకోండి. చదువుకు అడ్డురానంత వరకు వారానికి 30 గంటల దాకా పని చేయవచ్చని నిబంధన ఉంది గానీ, సాలమాంకా చిన్న ఊరు, జనాభా లక్షన్నర కూడా లేదు. అక్కడ పని దొరికి దాంతో ఫీజు కట్టవచ్చన్న లెక్కతో అప్పు చేయకండి. నిబంధనలు మారుతుంటాయి, దరఖాస్తు రోజున అధికారిక పేజీలో మరోసారి చూసుకోండి.

తరగతి గదిలో మిమ్మల్ని ముందుగా ఇబ్బంది పెట్టేది పాఠం కాదు, పిలుపు. స్పానిష్‌లో నువ్వుకు ‘తు’, మీరుకు ‘ఉస్తెద్’ ఉన్నాయి. తెలుగు పిల్లలు ఉపాధ్యాయుణ్ణి సహజంగా ‘ఉస్తెద్’ అంటారు. అక్కడ మాత్రం చాలామంది ఆచార్యులు తమను పేరు పెట్టి, నువ్వు అనే పిలవమంటారు. అరవై ఏళ్ల ఆచార్యురాలిని నువ్వు అనడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆమె ఒక రోజు నన్ను పక్కకు పిలిచి, ‘నువ్వు ఉస్తెద్ అన్నప్పుడల్లా నన్ను దూరం జరుపుతున్నట్టు ఉంటుంది’ అంది. మనం గౌరవం అనుకున్నది ఎదుటివారికి దూరంగా తోచవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. అయితే పోలీసు కార్యాలయంలో, పెద్ద వయసు ఇంటి యజమానులతో ‘ఉస్తెద్’ వాడితేనే బాగుంటుంది. మార్కులు 10కి వేస్తారు, 5 వస్తే ఉత్తీర్ణత, 7 దాటితే ‘నోతాబ్లె’, 9 దాటితే ‘సోబ్రెసాలియెంతె’. ఇక్కడ 85 శాతం తెచ్చుకున్న పిల్లలు అక్కడ 7 చూసి కుంగిపోతారు. అది మంచి మార్కే. ఏడాది కోర్సుకు 60 క్రెడిట్లు ఉంటాయి, వాటిలో చివరి పరిశోధన వ్యాసం కూడా ఉంటుంది. దానికి మార్గదర్శకులను డిసెంబరులోపే అడగండి.

భోజనం గురించి మీ అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. అక్కడ ‘శాకాహారిని’ అని చెబితే చాలదు. ‘కార్నె’ అంటే మాంసమే అయినా, చాలాచోట్ల వంటవాళ్ల దృష్టిలో పంది తొడతో చేసే హమోన్ గానీ, డబ్బా చేప గానీ ఆ లెక్కలోకి రాదు. కూరగాయల సలాడ్ అడిగితే పైన చేప ముక్కలు వేసి ఇస్తారు. పప్పు అడిగితే చోరీథో అనే పంది మాంసపు ముక్కతో కలిపి ఉడికించి ఇస్తారు. మాంసం లేకుండా అన్నా, రసం మాంసం ఎముకలతో తీసినదై ఉండవచ్చు. అందుకే ‘నో కోమో నీ కార్నె, నీ పెస్కాదో, నీ హమోన్, నీ ఆతూన్’ (మాంసం, చేప, హమోన్, ట్యూనా చేప ఏదీ తినను) అని విడివిడిగా చెప్పాలి, ‘కాల్దో’ అంటే ఆ రసం దేనితో చేశారో కూడా అడగాలి. నిశ్చింతగా తినగలిగినవీ ఉన్నాయి: టొమాటో రుద్దిన రొట్టె, ఉప్పు చల్లి వేయించిన చిన్న పచ్చిమిర్చి, మన వంకాయ టొమాటో కూరను తలపించే పిస్తో. పిస్తో మీద కోడిగుడ్డు వేస్తారు, వద్దని చెప్పండి. బంగాళదుంపల తోర్తియ్యాలో గుడ్డు తప్పక ఉంటుంది.

ఇంట్లో వంటకు ఏ ఇబ్బందీ లేదు. ఎర్ర కందిపప్పు అని మనం పిలిచే మసూర్ పప్పు ‘లెంతెహా రోహా’ పేరుతో మామూలు దుకాణాల్లో దొరుకుతుంది, శనగలు ఎటూ వాళ్ల నిత్యాహారమే. ప్రెషర్ కుక్కర్ ప్రతి స్పానిష్ వంటింటికీ తెలిసిన వస్తువే, మోసుకెళ్లకండి. కంది పప్పు, ఇంగువ, మినుములు కావాలంటే నెలకోసారి మాడ్రిడ్‌లోని లవపియేస్ ప్రాంతానికి వెళ్లి బంగ్లాదేశీ, భారతీయ దుకాణాల్లో తెచ్చుకునేవాణ్ణి. ఊరి నుంచి తీసుకెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త: బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తేకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా, సున్నుండలు పెట్టెలో సర్దవద్దని మీ అమ్మగారికి చెప్పండి. పచ్చి కరివేపాకుకూ, మామిడికాయలకూ కూడా అనుమతి లేదు. ఎండు కారాలు, పొడులు, గోంగూర పచ్చడి తీసుకెళ్లండి. అక్కడి ఉప్పు లేని వెన్న కాచుకుంటే చక్కటి నెయ్యి వస్తుంది.

మీరు సాహసాల గురించి కూడా అడిగారు. సాలమాంకాలో అవి వీధి మలుపులోనే ఎదురవుతాయి. 1218లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం 2018లో 800 ఏళ్లు నింపుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పాత భవనం ముఖద్వారపు శిల్పాల మధ్య ఒక పుర్రె మీద చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్షలు గట్టెక్కుతాడని నమ్మకం. ఎవరినీ అడగకుండా నిదానంగా వెతకండి. లోపల ఫ్రాయ్ లూయిస్ దె లియోన్ పాఠం చెప్పిన గది ఉంది. బైబిల్‌లోని ఒక భాగాన్ని జనభాషలోకి అనువదించడం కూడా ఒక నేరమై, 1572 నుంచి 1576 దాకా మతవిచారణ చెరలో ఉన్న కవి ఆయన. విడుదలై వచ్చి ‘నిన్న మనం చెప్పుకున్నట్టు’ అంటూ పాఠం మొదలుపెట్టాడని కథగా చెబుతారు. ఆ గదిలోని మొద్దు బల్లల ముందు నిలబడినప్పుడు, అనువాదం చదవడానికి అంత దూరం వచ్చిన నాకు చాలాసేపు మాట రాలేదు. గోడలంతా గవ్వలు చెక్కిన కాసా దె లాస్ కోన్చాస్ అనే పాత మేడ ఇప్పుడు ప్రజా గ్రంథాలయం. చలికాలం సాయంత్రాలకు అంతకంటే మంచి చోటు లేదు. ఎవరినైనా కలవాలంటే ప్లాథా మయోర్ చౌకులో ‘గడియారం కింద’ అనుకుంటారు, మీరూ అలాగే చెప్పండి.

ఈస్టర్ తర్వాత రెండో సోమవారం ‘లూనెస్ దె ఆగ్వాస్’ వస్తుంది. ఊరంతా తోర్మెస్ నది ఒడ్డున చేరి, గడ్డి మీద కూర్చుని భోజనాలు చేస్తారు. అచ్చంగా మన కార్తీక వనభోజనాలే. వాళ్లు తినే ఒర్నాథో అనే రొట్టె నిండా పంది మాంసం ఉంటుంది కాబట్టి, నేను పెద్ద గిన్నె నిండా నిమ్మకాయ పులిహోర చేసి తీసుకెళ్లాను. నాతో ఉండే అమ్మాయి, ఆమె అన్నదమ్ములు, వాళ్ల అమ్మమ్మ ఆ గిన్నె ఖాళీ చేశారు. ఆ అమ్మమ్మ పోపులో వేసిన శనగపప్పు గురించి అడుగుతూ గంటసేపు మాట్లాడింది. సెప్టెంబరులో సగం కూడా అర్థం కాని నాకు, ఏప్రిల్‌లో నది ఒడ్డున ఆమె చెప్పిన ప్రతి మాటా అర్థమైంది.

ఒంటరిగా చేయదగ్గ ప్రయాణం ఒకటే చెప్పమంటే, వాయవ్య స్పెయిన్‌లోని సాంతియాగో అనే క్రైస్తవ క్షేత్రానికి సాగే కాలినడక యాత్ర చెబుతాను. యాత్ర పూర్తిచేసినట్టు పత్రం కావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, అందుకే చాలామంది సారియా అనే ఊరి నుంచి మొదలుపెడతారు. నేను మే నెలలో అయిదు రోజులు నడిచాను. పసుపు పచ్చ బాణం గుర్తులు దారి చూపిస్తాయి, యాత్రికుల సత్రాల్లో రాత్రికి పడక దొరుకుతుంది. మొదటి సాయంత్రం పోర్తోమరీన్ చేరాను. 1960లలో ఆనకట్ట కట్టినప్పుడు ఆ పాత ఊరు నీట మునిగితే, అక్కడి చర్చిని రాయి రాయిగా విప్పి, రాళ్లకు అంకెలు వేసి, కొండ మీద మళ్లీ కట్టారు. ఆ అంకెలు ఇప్పటికీ కొన్ని రాళ్ల మీద కనిపిస్తాయి. సాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలను పైకి తరలించిన కథ వింటూ పెరిగిన మీ ప్రాంతంవారికి ఆ గోడ దగ్గర ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ దారిలో ఒంటరిగా నడిచే స్త్రీలు అన్ని వయసులవారూ కనిపించారు. అయినా తెల్లవారకముందే బయలుదేరకండి, రాత్రి ఏ సత్రంలో ఉంటారో ఇంటికి సందేశం పెట్టండి, అత్యవసరానికి 112 గుర్తుంచుకోండి. ఊళ్లో కూడా రాత్రి పదకొండింటికి చౌకు నిండా పిల్లలూ వృద్ధులూ తిరుగుతుంటారు. జూన్‌లోనైతే దాదాపు పదింటి దాకా వెలుతురు ఉంటుంది, అక్కడి రాత్రి భోజనమే తొమ్మిదిన్నరకు. మీ నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే మీరు ఫోన్‌లో ఆ వేళకు బయట కనిపించినప్పుడల్లా కంగారుపడతారు.

ఒక్క విషయం మీ ప్రశ్నలో లేదు, అది తెలియకుండా తుది మాట చెప్పలేను. స్పెయిన్‌లో మాస్టర్స్ రెండు రకాలు: ప్రభుత్వ గుర్తింపు ఉన్న ‘ఒఫిథియాల్’, విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే ‘ప్రోపియో’. పీహెచ్‌డీ చేయాలన్నా, ఇక్కడ అధ్యాపక ఉద్యోగానికి వెళ్లాలన్నా మొదటిదే కావాలి. అది కూడా ఏడాది కోర్సు కాబట్టి, మన మాస్టర్స్‌కు సమానమని ఇక్కడ ఇచ్చే సమానత్వ పత్రం విషయంలో ముందే వాకబు చేయాలి. మీ ప్రవేశ పత్రాన్ని బట్టి మీ కోర్సు ఈ రెంటిలో ఏ రకమో చూసి ఇక్కడ రాయండి. ‘ప్రోపియో’ అయితే ఫీజు మొదటి విడత కట్టకముందే మనం మళ్లీ మాట్లాడుకోవాలి.